ఆటగాడి గుండె

వ్యాయామ విద్యలో పట్టాలు పుచ్చుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

నేను గుండె డాక్టర్ని. ‘ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి’ అంటానేమోనని భయపడకండి. పొద్దున్నే గ్రౌండు చుట్టూ పది రౌండ్లు కొట్టే వాళ్లకు నడవమని చెప్పే ధైర్యం నాకు లేదు. ఫుట్‌బాల్ ఆడేవాళ్ల గుండె గురించి నాలుగు మాటలు చెబుతాను. రేపటి నుంచి పిల్లల్ని పరిగెత్తించేది మీరే కదా.

మ్యాచ్ ముగిసేసరికి మిడ్‌ఫీల్డర్ 10 నుంచి 12 కిలోమీటర్లు పరిగెడతాడు. తీరిగ్గా కూర్చున్నప్పుడు నిమిషానికి 5 లీటర్ల రక్తం తోడే గుండె అప్పుడు 20, 25 లీటర్లు తోడాలి. ఏళ్ల తరబడి ఇదే పని పెడితే గుండె దానికి తగ్గట్టు మారుతుంది. ఎడమ జఠరిక సాగుతుంది, దాని గోడ కాస్త మందమవుతుంది. ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పోతుంది కనుక ఊరికే ఉన్నప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటే చాలు. అలాంటి కుర్రాడి నాడి నిమిషానికి 45 ఉంటుంది. అదే నాడి వాళ్ల తాతకు ఉంటే మేం పేస్‌మేకర్ గురించి మాట్లాడతాం.

1899లో స్వీడన్ వైద్యుడు హెన్షెన్ స్కీయింగ్ పోటీదారుల ఛాతీ మీద వేళ్లతో తట్టి, ఆ చప్పుడునుబట్టి గుండె పెరిగిందని కనిపెట్టాడు. గుండెను స్కాన్ చేసే ఎకో మిషన్లు వచ్చాక మా వేళ్లకు ఆ విద్య పోయింది.

చిక్కంతా ఆ గోడ మందం దగ్గరే ఉంది. హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే జబ్బులోనూ గోడ మందమవుతుంది. అది తల్లిదండ్రుల నుంచి జన్యువుల్లో వచ్చేది. మామూలు మనిషికి ఆ గోడ 11 మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. ఇటలీలో 947 మంది మేటి క్రీడాకారులకు ఎకో తీసి 1991లో వివరాలు ప్రకటించారు. 13 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్నవాళ్లు 16 మందే. వాళ్లలో ఒకడు సైక్లిస్టు, మిగతా అందరూ తెడ్లు వేసేవాళ్లే, ఫుట్‌బాల్ ఆటగాడు ఒక్కడూ లేడు. కాబట్టి ఫుట్‌బాలర్ గుండె గోడ 14 ఉంటే ‘బాగా ప్రాక్టీసు చేస్తున్నాడు’ అని మురిసిపోకూడదు. ఆఫ్రికా మూలాలున్న ఆటగాళ్లలో ఆ మందం సహజంగానే కాస్త ఎక్కువ, అప్పుడు తేల్చుకోవడం ఇంకా కష్టం. ఎటూ తేలకపోతే ఓ మూడు నెలలు ప్రాక్టీసు మాన్పించి మళ్లీ ఎకో తీస్తాం. ఆటవల్ల పెరిగిన గోడ తగ్గుతుంది. జబ్బువల్ల పెరిగింది తగ్గదు.

2003 జూన్ 26న లియోన్‌లో కామెరూన్, కొలంబియా సెమీఫైనల్ ఆడుతున్నాయి. 72వ నిమిషంలో కామెరూన్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయే మైదానం మధ్యలో కుప్పకూలాడు. దగ్గర్లో ఎవరూ లేరు, ఎవరూ తగల్లేదు. వయసు 28. శవపరీక్షలో బయటపడింది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతే.

పరీక్షలు చేస్తే సరిపోతుందిగా అంటారు. చేయాల్సిందే. అయితే ఇంగ్లండులో 11,168 మంది కుర్ర ఫుట్‌బాలర్లకు, 16 ఏళ్ల వయసులో, ఈసీజీ, ఎకో తీశారు. తర్వాతి ఏళ్లలో గుండె జబ్బుతో చనిపోయిన 8 మందిలో ఆరుగురికి ఆనాడు అంతా బాగుందనే రిపోర్టు వచ్చింది. ఈ జబ్బుల్లో కొన్ని వయసుతోపాటు బయటపడతాయి. ఒకసారి ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లదు.

2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో మ్యాచ్ ఆడుతూ డెన్మార్క్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ పడిపోతే వెంటనే సీపీఆర్ మొదలుపెట్టారు, డీఫిబ్రిలేటర్‌తో షాక్ ఇచ్చారు. బతికాడు. ఒంట్లో డీఫిబ్రిలేటర్ అమర్చుకున్నవాళ్లను అప్పటిదాకా అతను ఆడిన ఇటలీ లీగులో ఆడనివ్వరు, అందుకని ఇంగ్లండు వెళ్లి ఆడాడు. 2024 యూరోలో గోల్ కూడా కొట్టాడు.

మీ స్కూల్లో ఎకో మిషన్ ఉండదు. ప్రశ్న అడగడానికి మిషన్ అక్కర్లేదు. మీ ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవాళ్లు ఉన్నారా? పరిగెడుతుండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా? పరుగు ఆపేసి నిలబడ్డాక కళ్లు తిరగడం చాలామందికి ఉండేదే. పరుగు మధ్యలో పడిపోవడం వేరు. ‘పొద్దున టిఫిన్ తినలేదు సార్’ అని తోటి పిల్లలు సర్దిచెబితే, గ్లూకోజు నీళ్లు తాగించి మళ్లీ గ్రౌండులోకి దింపకండి. గుండె డాక్టరు చూసి సరేననే దాకా అలా పడిపోయిన పిల్లవాణ్ని బెంచీ మీదే కూర్చోబెట్టండి, జిల్లా టోర్నమెంటు ఎల్లుండే ఉన్నా సరే.