తిరిగి వచ్చు వీరులు

కథలో వీరుడు మరణించినపుడు మనసు కరగుట సహజము. కాని అతడు మరుసటి యేట చిరునవ్వుతో తిరిగి వచ్చునని ముందే తెలిసియున్నచో ఆ కన్నీటికి విలువ యేమి? వెండితెరమీదను టెలివిజనులోను విరివిగా కనిపించుచున్న అమెరికా దేశపు అతిమానుష వీరుల కథలను చూచునపుడెల్ల మాకు కలుగు సందేహమిది.

ఈ వీరులు పుట్టినది బొమ్మల కథల పుస్తకములలో. 1938లో 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచికలో సూపర్‌మాన్ అవతరించెను. నెలనెల వెలువడు పత్రికకు కథానాయకుడు నెలనెల కావలయును. పాత్రపై హక్కు ప్రచురణ సంస్థది. రచయితలు మారిరి, చిత్రకారులు మారిరి, పాత్ర నిలిచెను. 1992లో సూపర్‌మాన్ ఒక రాక్షసునితో పోరాడి మరణించెను. ఆ సంచికను నల్లని సంచిలో పెట్టి అమ్మగా లక్షల ప్రతులు చెల్లిపోయెను. 1993లో సూపర్‌మాన్ మరల ప్రత్యక్షమయ్యెను!

అయితే ఆ పుస్తకములలోనే వేరు విధమైన కథలును కలవు. 1973లో స్పైడర్‌మాన్ ప్రియురాలు గ్వెన్ స్టేసీ వంతెనపైనుండి క్రింద పడుచుండగా అతడు సాలెదారము విసరి పట్టుకొనెను. కాని ఆమె దక్కలేదు. 1982లో జిమ్ స్టార్లిన్ రచించి చిత్రించిన కథలో కాప్టెన్ మార్వెల్ రణరంగమున గాక, కాన్సరు వ్యాధితో మంచముపై కన్ను మూసెను. ఎంత బలమున్నను తీరని ఆపద యొకటి కలదని తెలిసినపుడే పాఠకునకు ఆ వీరుడు తనవాడగును.

చలనచిత్రములలో 2017 నాటి 'లోగన్' ఈ కోవకు చెందినది. వృద్ధాప్యము పైబడి, గాయములు మునుపటివలె మానని యొక యోధుడు ఒక బాలికను కాపాడుటకై ప్రాణమిచ్చును. ఆ ముగింపు మమ్ము చాలనాళ్లు వెంటాడినది. 2024లో వచ్చిన 'డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్' ఆ సమాధిని త్రవ్వుటతోనే ఆరంభమయ్యెను. ఆ యెముకలే అందులో ఆయుధములు. పిదప వచ్చినవాడు వేరొక లోకపు వుల్వరిన్ అని సమాధానము చెప్పిరి. చిత్రము నవ్వించెను, మేమును నవ్వితిమి. కాని ఏడేండ్ల క్రిందటి దుఃఖము ఆ నవ్వులో పలుచనైన మాట నిజము.

టెలివిజను ఈ విషయమున కొంత మేలనిపించినది. 2019లో వచ్చిన 'వాచ్‌మెన్' తొమ్మిది భాగములతో ముగిసినది. 1921లో టల్సా నగరమున నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతి ప్రజలపై జరిగిన దారుణమారణకాండతో ఆ కథ మొదలగును. 2021 నాటి 'వాండావిజన్' కూడ తొమ్మిది భాగములే. చనిపోయిన ప్రియుని విడువలేక వాండా ఒక ఊరినంతటిని మాయలో ముంచును. ఆ ఊరివారు బాధపడుచున్నారని గ్రహించి, తుదకు తన చేతులతోనే ఆ మాయను విప్పును.

ఈ సందర్భమున మన 'మాయాబజార్' తలపునకు రాక మానదు. 1957 నాటి ఆ చిత్రములో ఘటోత్కచుడు ఎన్ని మాయలు పన్నినను అవి అభిమన్యుని పెండ్లి కొరకే. ఆ యిరువురును కురుక్షేత్రమున కూలుదురని ప్రేక్షకులకు తెలియును. తెలిసియే నవ్వుదురు, అందుచేతనే ఆ నవ్వు అంత ప్రియమైనది. మృతులను చూడగోరిన బంధువులకు వ్యాసుడు గంగలోనుండి వారిని రప్పించి చూపెనని భారతము చెప్పుచున్నది. కాని ఒక్క రాత్రికి మాత్రమే. పిదప వారు వెడలిపోయిరి.

2025లో జేమ్స్ గన్ దర్శకత్వమున వచ్చిన 'సూపర్‌మాన్' మాకు కొంత ఆశ కలిగించినది. నాయకుడు తొలిసారిగా ఓడి, మంచునేలపై నెత్తురోడుచు పడియుండగా కథ మొదలగును. పెంపుడు కుక్క అతనిని ఈడ్చుకొనిపోవును. పోరు నడుమ అతడు ఒక ఉడుతను సైతము కాపాడును. ఇట్టివాడు మరణింపనక్కరలేదు, ఓడగలవాడని మనము నమ్మిన చాలును.

పిల్లలు ఈ చిత్రములను చూచుట దోషమని మేమనము. చూచి వచ్చిన పిమ్మట "వీనికి ఎంత బలము?" అని వారు చెప్పుచుండగా, "వీడు దేనిని పోగొట్టుకొనెను?" అని పెద్దలొక ప్రశ్న వేయవలెను. పిల్లలకు జవాబు దొరకని చిత్రమును రెండవమారు చూడనక్కరలేదు.