పిల్లలకు తాబేటి కథ

భూమండలము వేడెక్కుచున్నదని పసిపిల్లలకు అంకెలతో చెప్పిన బోధపడదు. ఏదేని యొక ప్రాణి యిల్లు చూపవలయును. నేనైతే సముద్రపు తాబేటిని చూపుదును. మాఘ ఫాల్గుణములలో మన శ్రీకాకుళ, విశాఖ తీరములకు రాత్రివేళ వచ్చి, వెనుక కాళ్లతో నిసుక త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, గుంట పూడ్చి కడలికి మరలిపోవు నా తల్లి గ్రుడ్లను పొదుగదు. ఆ పని యిసుకలోని వెచ్చదనమే చేయును. పుట్టునది ఆడుదియో మగదియో నిర్ణయించునదియు నా వెచ్చదనమే. సుమారు 29 డిగ్రీలను మించి వేడి హెచ్చినకొలది ఆడుపిల్లలే యధికమగును. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తరభాగపు పచ్చ తాబేళ్లను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించినట్లు, అచటి పిన్న తాబేళ్లలో నూటికి 99 ఆడువే!

మగవి కరవైనచో నా జాతి యెట్లు నిలుచునని పిల్లలే యడుగుదురు, అడుగనిండు. ఎండవేళ బిడ్డ చేతిని ఇసుకపై నొకసారి, జానెడు లోతున నొకసారి యుంచిన చాలును. పైన చుర్రుమనును, లోన చల్లగా దగులును. తల్లి యంత లోతుగా నెందుకు త్రవ్వునో, ఆ లోతునకును వేడి దిగుచున్నచో నేమగునో చేతికే తెలియును. అయితే భయపెట్టి విడువరాదు, అది బాలలయెడ అన్యాయము. మన తీరమున అటవీశాఖవారు గ్రుడ్లను సేకరించి, కంచె వేసిన యిసుకలో భద్రపరచి, పిల్లలను సముద్రమున విడుచుచున్నారు; వీలైనవారు బిడ్డలను వెంటబెట్టుకొని పోయి ఆ పని చూపుడు.