పైరు ఆకు తెలుపు లోటు
(రజతోత్సవ సభలో చదివిన ప్రసంగ పాఠము)



తాటియాకు గ్రంథములోని ఒక్కొక్క పుటను పూర్వులు ఆకు అనియే వ్యవహరించిరి. గ్రంథాలయమునకు వచ్చువారికి ఆ ఆకు చదువుట తెలియును. చేలోని ఆకును చదువు విద్య మాత్రము ఏండ్ల తరబడి సేద్యము చేసినవారికిని ఒక్కొక్కప్పుడు తప్పిపోవుచుండును. వరి పైరున కనబడు జింకు లోపము అట్టి సందర్భములలో ముఖ్యమైనది.

నాట్లు పడి మూడు వారములైనది. మడినిండ నీరున్నది. దమ్ములో కాంప్లెక్సు ఎరువు పడినది. అయినను అచ్చటచ్చట పైరు కూర్చుండినట్లుండి ఎదుగదు. రైతు గట్టుపై నిలిచి చూచి, బలము చాలలేదని యూరియా చల్లును. వారము గడచును, పసుపు పోదు. తెగులేమోయని మందు కొట్టించును. మరియొక వారము గడచును. సొమ్ము పోవుట ఒక యెత్తు, దినములు పోవుట ఒక యెత్తు. పిలక వేయవలసిన కాలము దాటిన పిమ్మట ఎన్ని బస్తాలు చల్లినను ఆ పిలకలు తిరిగి రావు.

అట్టివేళ గట్టుపై నిలుచుటగాక మడిలోనికి దిగి ఆకును చేత పట్టి చూడవలెను. నత్రజని తక్కువైనపుడు ముదురాకులు ముందు పసుపెక్కును. పెద్దలు తాము మాని పిల్లలకు పెట్టినట్లు, ముదురాకులు తమలోని నత్రజనిని లేతాకులకు పంపివేయును. జింకు లోపమున గుర్తు వేరు. పైనుండి మూడవ లేక నాల్గవ ఆకున, మొదటి భాగములో, నడిమి ఈనె ప్రక్కన పచ్చదనము తగ్గును. ఆ మీదట తుప్పువంటి గోధుమరంగు మచ్చలు లేచును. ఆకులు పొట్టివై, పెళుసై, వంచగనే పుటుక్కున విరుగును. కలుపు తీయు స్త్రీల చేతికే ఈ పెళుసుదనము ముందు తెలియుటకు వీలున్నది. వారు చెప్పిన మాటను చెవిని బెట్టని యజమానికి తరువాత ఎవరు చెప్పినను ఆలస్యమే. యూరియా చల్లినను పచ్చబడకుండుట మరియొక గుర్తు. టుంగ్రో వైరసు తెగులునందును పైరు పసుపెక్కి గిడసబారును గాని, అందు రంగు మార్పు ఆకు కొననుండి దిగును. దానిని వ్యాపింపజేయు పచ్చదీపపు పురుగులు మడిలో కనబడుచుండును.

దీనిని తెగులని భ్రమించుట ఒక్క తెలుగు రైతునకే కలిగిన పొరపాటు కాదు. హిమాలయముల పాదమున నున్న తరాయి ప్రాంతమున వరి పైరు ఇట్లే గోధుమరంగు మచ్చలతో కుంగిపోవుచుండ, దానిని 'ఖైరా' యనిరి. ఆ మాట కాచు రంగును తెలుపును. అచ్చటి పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయమున పైరు తెగుళ్ల శాస్త్రజ్ఞులగు వై. ఎల్. నేనే గారు, ఇది క్రిమి వలన వచ్చినది కాదనియు, జింకు లేమి వలన వచ్చినదనియు 1966లో నిరూపించిరి. తెగుళ్లను వెదకుటయే వృత్తియైనవారు ఇది తెగులు కాదని తేల్చుట మెచ్చదగినది. వారు తరువాత పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థలో చాలకాలము పనిచేసిరి.

పైరు కోరు జింకు ఎంత? ఒక టన్ను ధాన్యము పండుటకు వరి పైరు 15 నుండి 20 కిలోల నత్రజనిని తీసికొనును. జింకు 50 గ్రాముల ప్రాంతము మాత్రమే. ఎకరమునకు 75 కిలోల బస్తాలు 30 పండినను, ఆ పైరు తిన్న జింకు గుప్పెడు ఉప్పు తూకమునకు మించదు. అట్లయిన ఎకరమునకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయుమని శాస్త్రజ్ఞులేల చెప్పుదురని ఎవరైన అడుగవచ్చును. సరియైన ప్రశ్నయే. గుళికవలె నుండు సాధారణ రకములో జింకు నూటికి 21 పాళ్లే. అదియు నేలలో పడగనే చాల భాగము మట్టిని పట్టుకొని పైరునకు అందని రూపము దాల్చును. మిగిలినది రెండు మూడు పంటల వఱకు కొంచెము కొంచెముగ అక్కరకు వచ్చును. కావుననే ప్రతి పంటకు గాక మూడు పంటలకొకసారి ఆఖరు దమ్ములో వేసిన చాలును.

చౌడు నేలలు, సున్నపు పాలెక్కువైన నేలలు, చదును చేయుటలో పైమట్టి కొట్టుకొనిపోయిన మడులు, ఎడతెగక నీరు నిలుచు పల్లములు ఈ లోపమునకు నిలయములు. మురుగు తీసి మడిని కొంచెము ఆరనిచ్చుట పైసా ఖర్చు లేని చికిత్స. భాస్వరమును అతిగా వేసినను జింకు అందదు.

జింకు సల్ఫేటును భాస్వరపు ఎరువులతో కలిపి వేయరాదని చెప్పుదురు. రెంటికిని రెండు మూడు దినముల ఎడముండవలెను. ఇందలి నిజమును ఇంటివద్దనే చూడవచ్చును. రెండు గాజు గ్లాసులలో డి.ఎ.పి. నీరును, జింకు సల్ఫేటు నీరును విడివిడిగ కలిపి, తేరిన పిమ్మట ఒకదానిలో ఒకటి పోసినచో, విరిగిన పాలవలె చిక్కని తెల్లని గడ్డ ఏర్పడును. ఆ గడ్డ నేలలో పైరు నోటికి అందదు. ఈ పరీక్షయే కల్తీని కూడ బయట పెట్టును: జింకు సల్ఫేటు పేరిట చౌకయైన మెగ్నీషియం సల్ఫేటు అమ్మినచో అట్టి చిక్కని గడ్డ కట్టదు.

పైరు మీద లోపము కనబడిన పిమ్మట లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున జింకు సల్ఫేటు కలిపి, ఐదేసి దినముల ఎడముతో రెండు మూడు మారులు పిచికారి చేయవలెను. ఎకరమునకు 200 లీటర్ల నీరు పట్టినచో ఒక్క తడవకు 400 గ్రాములే యగును. పురుగు మందులతో దీనిని కలుపరాదు. అనుమానమున్నవారు మొత్తము చేనుపై కొట్టక, ఒక మూలన నాలుగు బారల మేర కొట్టి గుర్తు పాతి చూడవచ్చును. వారము పది దినములలో క్రొత్తగా వచ్చు ఆకులు ప్రక్క పైరు కంటె పచ్చగ నున్నచో, ఆ రైతునకు మరియొకరి సాక్ష్యముతో పనిలేదు.

ఇనుము లోపము ఇందుకు తలక్రిందులు. ఇనుము ముదురాకునుండి లేతాకునకు పోజాలదు. కావున లేతాకే ముందు పాలిపోవును. ఈనెలు మాత్రము కొంతకాలము పచ్చగ నిలిచి, ముదిరినచో ఆకంతయు తెల్లబడును. మెట్ట వరి నారుమళ్లలోను, సున్నపు పాలు గల నల్లరేగడిలోని వేరుసెనగలోను ఇది తరచు కనబడును. దీనికి మందు అన్నభేది. కరక్కాయ కషాయములో వేసి పూర్వపు వ్రాయసగాండ్రు సిరా కాచుకొన్న అన్నభేదియే యిది. వేరుసెనగకు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుపై పడునట్లు కొట్టవలెను. సున్నపు నేలలో మట్టిపై చల్లిన అన్నభేది త్వరలోనే తుప్పుగ మారి వ్యర్థమగును.

బోరాను లోపమునకు వెలిగారము వాడుదురు. అందు మాత్రము చేయి తేలికగ నుండవలెను. పైరునకు చాలినంతకును, విషమగునంతకును నడుమ ఎడము చాల స్వల్పము.

నాటకముందే నేల పరీక్ష చేయించుకొన్నవారికి ఈ చికాకులు తక్కువ. 2015లో కేంద్ర ప్రభుత్వము మొదలిడిన భూసార పత్రములలో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరానుల లెక్కయు కలదు. పరీక్షలో జింకు పది లక్షల పాళ్లకు 0.6 పాలు కంటె తక్కువ తేలినచో ఆ నేలకు జింకు వేయవలసినదే. మట్టి తీయునపుడు తుప్పు పట్టిన పారతో గీరి, జింకు పూత గల రేకు బక్కెట్టులో పోసినచో, ఆ పనిముట్ల ఇనుము, జింకు మట్టికంటి లెక్క తప్పును. కఱ్ఱతోనో వెదురు బద్దతోనో గీరి, శుభ్రమైన ప్లాస్టిక్ గిన్నెలో తీసి, నీడన ఆరబెట్టి, ఎరువు నింపిన సంచి కాక క్రొత్త గుడ్డసంచిలో కట్టి పంపవలెను.