పిల్ల పేరు మీదే ఆరోగ్య కార్డు

(లాల్‌గడి మలక్‌పేట్‌లో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)

 

నన్ను చదువు గురించి మాట్లాడమన్నారు. బీఈడీ చేసిన వార్డెన్‌ను, చదువు గురించి గంటసేపైనా చెప్పగలను. కానీ ఇవ్వాళ ఒక పాప గురించి చెప్తాను.

2022లో మా హాస్టల్‌కు ఆర్‌బీఎస్‌కే డాక్టర్లు వచ్చారు. అంగన్‌వాడీల్లో, సర్కారు బడుల్లో పద్దెనిమిదేండ్ల లోపు పిల్లలను పరీక్షించే ఆ కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. నాలుగో తరగతి పాప ఛాతీ మీద డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టింది. మళ్లీ పెట్టింది. మూడోసారి కూడా పెట్టేసరికి నాకు భయమైంది. గుండెలో రంధ్రం ఉన్నట్టుంది, పెద్దాసుపత్రిలో చూపించండి అంది. చూపిస్తే నిజమే, ఆపరేషన్ చేయాలన్నారు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అని నేను ధైర్యంగానే ఉన్నాను. కౌంటర్‌లో కార్డు చూసి, "తాత, నాయనమ్మ, తండ్రి పేర్లున్నాయి, పాప పేరేది?" అన్నారు. అప్పట్లో కార్డుల్లో కొత్త పేర్లు ఎక్కించడం ఏండ్ల తరబడి ఆగిపోయి ఉంది. తల్లిదండ్రులేమో పుణె దిక్కు మట్టి పనికి పోయారు. పాప ఆధార్, మా హాస్టల్ బోనఫైడ్ పట్టుకుని ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు తిరిగాను. చివరికి ఒక ఎమ్మెల్యే గారి ఇంటి ముందు పొద్దున ఆరింటికే నిలబడి, ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్‌ఓసీ కోసం ఉత్తరం రాయించుకున్నాం. ఆపరేషన్ అయింది. రోగం బయటపడ్డ నాటి నుంచి ఆపరేషన్ బల్ల ఎక్కేదాకా 43 రోజులు. నా డైరీలో ఉంది. పాప ఇప్పుడు ఏడో తరగతి. కబడ్డీ ఆడతానని పోరు పెడుతోంది, నేనే ఆపుతున్నా.

ఆ ఎమ్మెల్యే గారిని నేను తప్పు పట్టను, అడిగితే ఉత్తరం ఇచ్చారు. కానీ ఆ వాకిట్లో మాలాగే ఇరవై మంది నిలబడి ఉన్నారు. ఉత్తరం రాసే చెయ్యీ, అసెంబ్లీలో చట్టానికి ఓటేసే చెయ్యీ ఒకటే. మనం మాత్రం ఎప్పుడూ ఉత్తరమే అడుగుతున్నాం.

నేను పాలమూరు తండా పిల్లను. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీని మొదట పెట్టిన మూడు జిల్లాలు మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. అంతకుముందు ఆపరేషన్ అంటే మా తండాలో మేకలు, తల్లి మెడలోని వెండి, చివరికి ఎకరం చెలక పోయేవి. అందుకే ఆ పథకాన్ని చులకన చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది. 2023 డిసెంబర్ 9న పరిమితిని ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచారు. సంతోషం. పేరు లేని పిల్లకు మాత్రం పది లక్షలైనా సున్నాయే. 2025లో కొత్త రేషన్ కార్డులు ఇచ్చి పేర్లు చేర్చారు, అదీ మంచిదే. కానీ కార్డు ఇంటిది. ఇల్లు వేరుపడితే, తల్లిదండ్రులు వలస పోతే, తండ్రి ఇంకో పెళ్లి చేసుకుంటే నడుమ నలిగేది పిల్లే. అందుకని పద్దెనిమిదేండ్లు నిండేదాకా ప్రతి పిల్లకు తన పేరు మీదే ఆరోగ్య కార్డు ఉండాలి. హాస్టల్ పిల్లకు ఆధార్, బోనఫైడ్ చాలని చట్టంలోనే రాయాలి.

ఇంకో సంగతి. ఆరోగ్యశ్రీ ముఖ్యంగా ఆసుపత్రిలో చేర్చి చేసే వైద్యానికి. మా పిల్లలకు ఎక్కువగా వచ్చేవి జ్వరాలు, రక్తహీనత, చెవిలో చీము, గజ్జి. ఆదిలాబాద్ దిక్కు గోండు, కొలాం పిల్లల్లో సికిల్ సెల్ ఉంది. దానికి ఏండ్ల తరబడి మందులు, రక్తపరీక్షలు కావాలి. ఓపీ చీటీకి, పరీక్షలకు, బస్సు చార్జీకి కూడా బీమా పనికి రావాలి. బకాయిలూ ఆగకుండా కట్టాలి. 2025 సెప్టెంబర్‌లో డబ్బులు రాలేదని ప్రైవేట్ నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసినప్పుడు, మా దగ్గర ఎవరికీ పెద్ద రోగం రాకూడదని రోజూ దీపం పెట్టుకున్నాను.

డబ్బెక్కడిది అంటారు. 2017 నాటి ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ప్రకారం మన జనాభా దామాషాలో బడ్జెట్ కేటాయించాలి. ఒక ఏడు ఖర్చు కాని సొమ్మును మరుసటి ఏడుకు మళ్లించాలి. మన పిల్లల వాటా అందులోంచి అడగొచ్చు. అమెరికాలో పేద పిల్లల బీమాకు 1997లో చట్టం చేశారు, సిగరెట్ల మీద పన్ను పెంచి కొంత సొమ్ము సమకూర్చారు. దాని కోసం రెండు ఎదురెదురు పార్టీల సెనేటర్లు కలిసి పని చేశారు. ఈ మాట మీ ఊళ్లో ఏ పార్టీవాళ్లకైనా చెప్పొచ్చు.

మనం కూర్చున్న చోటు చూడండి. పక్కనే జీనోమ్ వ్యాలీలో ప్రపంచంలోని పిల్లలకు టీకాలు తయారవుతాయి. 108 అంబులెన్సులు నడిపే సంస్థ దేవరయాంజాల్‌లో ఉంది. లాయర్లను తయారుచేసే నల్సార్ శామీర్‌పేటలోనే ఉంది. అక్కడ చదివే మన పిల్లలెవరైనా ఉంటే, బిల్లు ముసాయిదా ఎలా రాయాలో వచ్చి నాకు చెప్పండి. నాకు హాజరు పట్టిక రాయడం వరకే వచ్చు.

శాసనసభలో 119 మంది. వాళ్లలో 12 మంది మన ఎస్టీ స్థానాల నుంచి గెలిచినవాళ్లు. ఆ 12 మందికి, మీ ఊరి ఎమ్మెల్యేకు రాయండి. నేను రాసిచ్చింది కాపీ కొట్టకండి. మీ తండాలో ఏ పిల్లకు ఏమైంది, ఏ కాగితం లేదని ఎన్ని రోజులు తిరిగారో రాయండి. పోస్టుకార్డులు నా సంచిలో ఉన్నాయి, ఒక్కోటి అర్ధరూపాయి, అవి నా తరఫున. భోజనాల గంట కొట్టకముందే వచ్చి తీసుకోండి. తర్వాత మీరెవరూ దొరకరని నాకు తెలుసు.