చంద్రగిరి సాళువల వంశవృక్షం: రాతి మీది కొమ్మలు, కావ్యంలో మొలిచిన కొమ్మలు

సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పేర జరిగే సభలో, అందులోనూ తిరుచానూరులో, శాసనాల గురించి మాట్లాడమని పిలుపు రావడం ఈ వక్తకు పెద్ద భాగ్యం. తిరుమల, తిరుపతి గోడల మీద తమిళంలో, గ్రంథ లిపిలో, అక్కడక్కడ తెలుగు కన్నడాల్లో వెయ్యికి పైగా శాసనాలున్నాయి. మహంతుల పాలన చివరి ఏళ్లలో వాటి మీద నివేదిక తయారుచేసి 1930లో లోకం ముందు పెట్టినవారు శాస్త్రిగారు. 1931లో వచ్చిన మొదటి శాసన సంపుటమూ ఆయన చేతి మీదుగా వచ్చినదే. అన్నమాచార్యుల రాగిరేకుల మీద ఆయన పడిన శ్రమ ఈ ఊరిలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆ సంపుటాల వరసలో రెండోది పూర్తిగా సాళువ నరసింహుడి కాలానిది, 1445 నుంచి 1504 దాకా. ఈ వక్త చదువంతా చాలా ఏళ్లుగా ఆ పుస్తకం చుట్టూనే తిరిగింది. ఈ సాయంత్రం ప్రశ్న ఒక్కటే: చంద్రగిరి కోటలో కూర్చుని, చివరికి విజయనగర సింహాసనమే ఎక్కిన ఆ ఇంటివాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? వాళ్లు ఎవరి పిల్లలమని చెప్పుకున్నారు, కాగితం, రాగి, రాయి ఎవరి పిల్లలని చెబుతున్నాయి?

పల్లవులు, బాణులు, చోళుల సంగతి సభలో చాలామందికి కంఠతా వచ్చు. దంతివిక్రమవర్మ ఏలుబడినాటి దీపదానం ఈ తిరుచానూరు శాసనాల్లోనే ఉంది. భోగ శ్రీనివాసమూర్తిని సమర్పించిన సామవై శాసనం 614 నాటిదనేవారున్నారు, 966 నాటిదనేవారున్నారు. ఆ తగవు జోలికి ఈ పూట పోవడం లేదు. ఒక్క ముక్క మాత్రం గుర్తుపెట్టుకుంటే చాలు. సామవై తనను తాను పల్లవ పేర్కడైయార్ కూతురిగా, శక్తివిటంకన్ ఇల్లాలిగా చెప్పుకుంది. ఒక తండ్రి, ఒక భర్త. చంద్రుడి దాకా పోలేదు.

సాళువల దగ్గరికి వద్దాం. 1359లో మంగిదేవ మహారాజు తిరుమల విమానానికి బంగారు కలశం ఎత్తించాడు. సాళువ మంగు అనే వీరుడు కుమార కంపన వెంట దక్షిణాదికి దండెత్తి మధుర సుల్తానుల మీద పోరాడాడని కావ్యాలు చెబుతాయి. ఇద్దరూ ఒక్కరేనని పండితులు పోల్చారు. కాలం సరిపోతోంది, దిక్కు సరిపోతోంది, కొండ మీద అంత కలశం ఎత్తించగల స్తోమతూ సరిపోతోంది. సాళువ అంటే వేటకు వాడే డేగ. శత్రువుల మీద డేగలా విరుచుకుపడ్డాడు కాబట్టి మంగుకు ఆ బిరుదు వచ్చిందనీ, బిరుదే ఇంటిపేరై నిలిచిందనీ కావ్యాల కథ. అంటే ఈ ఇంటికి పేరు యుద్ధంలో పుట్టింది. ఆ కథ ప్రకారం మంగుకు ముందు సాళువలు లేరు. ఈ చిన్న సంగతిని వంశచరిత్రలు రాసేవాళ్లు ఎందుకో పట్టించుకోరు.

మంగు కలశానికీ, సాళువ నరసింహుడి పేరు తిరుమల శాసనాల్లోకి ఎక్కిన 1456కూ నడుమ దాదాపు నూరేళ్లున్నాయి. చిక్కంతా అక్కడే ఉంది. ఈ నూరేళ్లలో సాళువ ఇంటిపేరు ఒక్క చంద్రగిరిలోనే లేదు. టేకల్ వైపు సాళువ గోపరాజు శాసనాలున్నాయి. సాళువ తిప్పరాజు రెండో దేవరాయల సోదరిని పెళ్లాడి రాజుగారికి బావ అయ్యాడు. ఆ కొమ్మలోని గోపతిప్ప భూపాలుడు వామనుడి అలంకార సూత్రాలకు కామధేనువు అనే వ్యాఖ్య, తాళాల మీద తాళదీపిక రాశాడు. తిరుమల గోడల మీద ఎర్రకంపయ్య, మల్లయ్య లాంటి సాళువ పేర్లు వేరేగా కనిపిస్తాయి. చెట్టు ఒకటే, కొమ్మలు అనేకం. ఏ కొమ్మ ఏ మొదలు నుంచి చీలిందో రాతి మీద తండ్రి పేరు ఉన్నచోటే తేలుతుంది. లేనిచోట ఊహతో గీత గీయడం ఈ వక్తకు ఇష్టం లేదు.

నరసింహుడు తన గురించి ఏం చెప్పుకున్నాడు? సింహాసనానికి ముందునాటి తిరుమల శాసనాల్లో ఆయన వరస ఇదీ: మహామండలేశ్వర, మేదినీమీసరగండ, కఠారి సాళువ, గుండరాజు కుమారుడు నరసింహరాజు. బిరుదులు, తండ్రి పేరు, ఆ తర్వాత నేరుగా దానం. ఏ ఊరు ఇస్తున్నాడు, ఏ సేవకు ఇస్తున్నాడు, రామానుజకూటంలో ఎవరికి అన్నం పెట్టాలి, కందాడై రామానుజయ్యంగారు దాన్ని ఎలా నడపాలి. 1470 ప్రాంతంలో తిరుమల సంపంగి ప్రదక్షిణంలో నాలుగు మూలలా నాలుగు మండపాలు కట్టించాడు, ఒకటి తన పేర, ఒకటి భార్య పేర, రెండు కొడుకుల పేర. ఇంటిని ఆయన ముందుకు లెక్కపెట్టుకున్నాడు, పిల్లల వైపు. తాతముత్తాతల వైపు చూడవలసిన అవసరం అప్పటికి ఆయనకు లేదు.

1485లో సింహాసనం ఎక్కేనాటికి అవసరం వచ్చింది. పిల్లలమర్రి పినవీరభద్రుడి జైమినిభారతం, రాజనాథ డిండిముడి సాళువాభ్యుదయం ఈ ఇంటి పూర్వులను వరసగా పాడాయి. గుండరాజు, మల్లాంబిక దంపతులు అహోబల నరసింహుడి వరంతో ఈ బిడ్డను కన్నారన్న కథ స్థిరపడింది. ఇక దేవులపల్లి తామ్రశాసనం చూడండి. వాయల్పాడు ప్రాంతపు దేవులపల్లిది. ఎపిగ్రాఫియా ఇండికాలో జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించి ప్రకటించారు. శక సంవత్సరం 1427, అంటే 1504-05. వంశం చంద్రుడి దగ్గర మొదలై, పురాణ పురుషుల మీదుగా దిగి, గుండ, మంగి, నరసింహుల దాకా వచ్చి ఇమ్మడి నరసింహుడి దగ్గర ఆగుతుంది. ఆ ఇమ్మడి నరసింహుడు ఎవరు? నరసానాయకుడు పెనుకొండలో కట్టడిలో ఉంచిన రాజు. 1505లో హతుడయ్యాడు. కొండ మీద దానాలు చేస్తూ సేనలు నడిపిన తండ్రికి ఒక్క గుండరాజు పేరు చాలింది. సేన, ఖజానా చేయిజారిన కొడుక్కి చంద్రుడి దాకా నిచ్చెన వేయవలసి వచ్చింది. రెండు శాసనాలూ పక్కపక్కన పెట్టుకుని చదివిన రాత్రి ఈ వక్తకు నిద్రపట్టలేదు.

ఇది ఈ నేల మీది అలవాటు మాత్రమే కాదు. అమెరికా ఖండాల్లో స్థిరపడిన స్పెయిన్ కుటుంబాలు తమది కులీన వంశమని నిరూపించుకోవడానికి స్వదేశంలోని వల్లడోలిడ్, గ్రనడా న్యాయస్థానాల కాగితాలు వెతికించేవి. పన్ను మినహాయింపు, కొలువు, పరువు ఆ కాగితాల మీదే ఆధారపడేవి. ఆ వలసల దస్తావేజులన్నిటినీ ఒకచోట చేర్చడానికి 1785లో సెవిల్ నగరంలో పెద్ద భాండాగారమే వెలిసింది. చంద్రగిరికీ ఆ దేశాలకూ సంబంధం లేదనుకోకండి. గుర్రాల వ్యాపారి నూనిజ్ 1535 ప్రాంతంలో విజయనగరం గురించి పోర్చుగీసులో రాసిన చరిత్రను డేవిడ్ లోపెస్ 1897లో లిస్బన్‌లో అచ్చువేశాడు, సీవెల్ 1900లో ఇంగ్లీషు చేశాడు. నరసింహుడి సేనాని కాపలా లేని రాజమందిరంలోకి నడిచివెళితే రాజు పారిపోయాడన్న కథ ఆ నూనిజ్‌దే. పోర్చుగీసువాళ్లు విజయనగర రాజ్యాన్నే నర్సింగ రాజ్యమని పిలిచారు. చంద్రగిరి దొర పేరు సముద్రాల అవతల ఒక రాజ్యానికి పేరైంది. ఏ చంద్రవంశమూ ఇవ్వలేని గౌరవం అది.

ఇక్కడ ఒక పాత తగవు విప్పక తప్పదు. సాళువల పూర్వులు కల్యాణి నుంచి వచ్చారని కావ్యాలు చెబుతాయి కాబట్టి, బిరుదులు కన్నడంలో ఉన్నాయి కాబట్టి వాళ్లు కన్నడిగులని ఒక పక్షం గట్టిగా వాదిస్తుంది. విజయనగర స్థాపకుల విషయంలోనూ ఇదే పంతం నడిచింది. హెరాస్, సాలెతూర్ కర్ణాటక పక్షాన నిలబడితే, నేలటూరి వెంకటరమణయ్యగారు 1933లో తెలుగు పక్షం నిలబెట్టారు. ఆ పెద్దల పాండిత్యం ముందు ఈ వక్త చేతులు జోడిస్తాడు. వాదం మాత్రం ఒప్పుకోడు. మేదినీమీసరగండ అన్న బిరుదు కన్నడమే. బిరుదులు నగల్లాంటివి, ఓడినవాడి మెడలోంచి గెలిచినవాడి మెడలోకి వస్తాయి. శాసన భాషే ఇంటి భాష అయితే, తిరుమల మీద నరసింహుడి శాసనాలు తమిళంలో ఉన్నాయి కదా, ఆయన్ను తమిళుడు అనాలి. సంస్కృత కావ్యం డిండిముడు రాశాడు, మరి సాళువలు ఏ భాషవాళ్లు? గోడ మీది భాష ఆ గుడి కరణాలది. కొలువు భాష వేరు. అయితే తెలుగు పక్షంవారూ జైమినిభారతం అంకితాన్ని చూపించి గెలిచామనుకోకూడదు. అంకితం తీసుకున్నవాడి అభిరుచి అందులో తెలుస్తుంది, అతని ముత్తాత ఊరు తెలియదు. కల్యాణి పేరు ఎందుకొచ్చిందంటే, కల్యాణి చాళుక్యుల రాజధాని. దక్షిణాన రాజ్యం కావాలనుకున్న ప్రతి ఇంటికీ ఆ ఊరితో చుట్టరికం కావలసివచ్చింది. ఆరవీటివారూ చాళుక్యుల దాకా వేలు చూపించారు. ఇందులో భాష ప్రమేయం లేదు, సింహాసనం ప్రమేయం ఉంది. ముప్పై ఏళ్లుగా ఈ మాట అంటూనే ఉన్నా రెండు పక్షాలవారూ ఈ వక్తను అవతలి పక్షంలోనే లెక్కవేస్తున్నారు.

సమయం మించిపోతోందని అధ్యక్షుల సైగ. నరసానాయకుడి ఇంటివారైన తుళువులను గబగబా దాటవలసిందే. నరసానాయకుడి తండ్రి ఈశ్వరనాయకుడు సాళువ నరసింహుడి సేనాని. నంది మల్లయ, ఘంట సింగయలు వరాహపురాణాన్ని నరసానాయకుడికి అంకితమిచ్చారు, దానితో ఆ ఇంటికీ చంద్రవంశం వచ్చింది. ఆరవీటి బుక్కరాజు కూడా నరసింహుడి కొలువులోనే పైకి వచ్చాడు. ఆయన సంతతి చివరికి చంద్రగిరినే రాజధాని చేసుకుంది.

ఆ ఆరవీటి వంశాన్ని మొట్టమొదట పెద్దెత్తున తవ్వినవాడు స్పెయిన్‌వాడే కావడం చెప్పుకోదగ్గది. బార్సిలోనాలో పుట్టిన హెన్రీ హెరాస్, జెసూట్ పాదిరి, బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాల అధ్యాపకుడు. ఆయన గ్రంథం 1927లో వచ్చింది. చంద్రగిరి కొలువుకు వచ్చిన జెసూట్ల లేఖలు, పోర్చుగల్ కూడా తన కిందే ఉన్న స్పెయిన్ రాజు మూడో ఫిలిప్ వెంకటపతిరాయలకు రాయించిన ఉత్తరాలు ఆయన వెతికి తెచ్చాడు. తామ్రశాసనాల పొగడ్తకు ఆ ఉత్తరాలు మంచి తూకం.

మెకంజీ దొర కోసం కావలి సోదరులు ఊరూరా తిరిగి సేకరించిన కైఫీయతులు, వెలుగోటివారి వంశావళి 1939 ముద్రణ, 1802 శాశ్వత పరిష్కారం తరువాత కోర్టుల కోసం జమీందార్లు రాయించుకున్న వంశవృక్షాలు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిలో కార్వేటినగరం కాగితాలు ఒక్కటే ఒక సాయంత్రం పడతాయి. రెండో సంపుటం ప్రతి ఈ బల్ల మీద ఉంది. గుండరాజు కుమారుడు నరసింహరాజు అన్న వరస ఉన్న పుటల దగ్గర కాగితం పెట్టి ఉంచాం, సభ ముగిశాక చూడాలనుకున్నవారు ముందుకు రావచ్చు.