గడ్డి కొండని ‘బంజరు’ అని ఎవరన్నారు?

ఈ వారం టాపిక్ గడ్డి. అదీ రాయలసీమ గడ్డి. వైజాగ్‌లో కూర్చున్నవాడికి దాంతో ఏం పని అంటారా? చెప్తా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి మన ఊరి పచ్చదనాన్ని ఒక్క రోజులో ఊడ్చేసింది కదా. ఆ తర్వాత స్కూళ్ళు, కాలేజీలు, కంపెనీలు, అందరూ మొక్కలు నాటారు. మంచి పనే. కానీ మన బుర్రలో ఒక లెక్క ఫిక్సయిపోయింది: పచ్చదనం అంటే చెట్టు. చెట్టు లేని నేల కనిపిస్తే "అయ్యో, ఖాళీగా ఉందే" అనిపిస్తుంది. మనకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల వాన పడుతుంది కాబట్టి చెల్లుతుంది. అనంతపురం వైపు పడేది సుమారు 550. అక్కడి బీళ్ళలో సహజంగా ఉండేది గడ్డి, మధ్యలో అక్కడక్కడా ఈత, రేగు.

అలాంటి నేలకి బయటి చెట్టు తెస్తే ఏమవుతుందో సర్కారు తుమ్మని అడగండి. 1877లో జమైకా నుంచి తెప్పించిన గింజల్ని కడప జిల్లా కమలాపురంలో నాటారు. పశువులు దాని కాయలు తింటాయి, గింజలు పేడతో ఇంకో బీడుకి చేరతాయి. అంతే, డెలివరీ ఫ్రీ. ఇప్పుడు చెరువు గట్టు, రోడ్డు పక్క, మేత బీడు, ఎక్కడ చూసినా అదే. దాని కింద గడ్డి సరిగ్గా లేవదు.

మరి పోయిన గడ్డిని వెనక్కి తేవచ్చా? తెచ్చినవాళ్ళున్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర, ఇప్పటి శ్రీ సత్యసాయి జిల్లాలో, కల్పవల్లి అని ఏడు వేల ఎకరాలకి పైగా కొండ నేల ఉంది. 1990ల మొదట్లో అది బోడి రాళ్ళ గుట్టలు. ముష్టికోవెల, ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థతో కలిసి పని మొదలుపెట్టారు. ఏం చేశారంటే, పెద్దగా ఏం చేయలేదు. నాకు బాగా నచ్చింది అదే. కొన్ని చోట్ల విత్తనాలు చల్లారు, కానీ అసలు పని కాపలా. ఎండాకాలంలో కొండ అంటుకుంటే వేల ఎకరాలు పోతాయి. అందుకని ముందే గడ్డి కోసి బాటల్లాగా ఖాళీ చేస్తారు, మంట అక్కడికొచ్చి ఆగిపోవాలని. చెట్లు నరకడం ఆపారు. గొర్రెల్ని మాత్రం రానిచ్చారు. గడ్డి మొదలు నేలకి ఆనుకుని ఉంటుంది కదా, పైన మేసినా మళ్ళీ చిగురిస్తుంది. ఒకేచోట ఊపిరాడకుండా మేపితేనే చస్తుంది. వేళ్ళు మట్టిని పట్టుకున్నాయి, వాన నీళ్ళు ఇంకాయి. కప్పులకి బోదగడ్డి, చీపుర్లకీ చాపలకీ ఈతాకు, మందలకి మేత. అదంతా ఊళ్ళ ఆదాయం.

"ఇంత గోల ఎందుకు బ్రో, కంచె వేసేస్తే పోలా?" అని కామెంట్ పెట్టేవాళ్ళకి రోళ్ళపాడు చెప్పాలి. ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఇంచుమించు మీటరు ఎత్తుండే పక్షి, నేల మీదే గుడ్డు పెడుతుంది, సాధారణంగా ఒక్కటే. ఆరు చదరపు కిలోమీటర్లు కాపాడారు, గడ్డి పెరిగింది, కృష్ణజింకలూ పెరిగాయి. అవి బయటికొచ్చి రైతుల పంట మేశాయి. రైతుకి కడుపు మండింది. చుట్టూ సాగునీరొచ్చి పంటలూ మారాయి. ఎవరి పేరు మీద కాపాడారో ఆ పిట్టే అక్కడ దాదాపు కనుమరుగైంది. చుట్టూ ఉన్న రైతుని వదిలేసి లోపలి గడ్డిని మాత్రం కాపాడలేరు.

సరే, అసలు పాయింట్. నేను కోడ్ రాసిన రోజుల్లో చూశా, వేరియబుల్‌కి ఒకడు తప్పు పేరు పెడితే తర్వాత వచ్చినవాడు ఆ పేరునే నమ్మి పని చేస్తాడు. మన గడ్డి నేలలకి రికార్డుల్లో పేరేంటి? బంజరు, పోరంబోకు. దేశం మొత్తానికి వేస్ట్‌ల్యాండ్ అట్లాస్ అని ఒకటుంది, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సి ఉపగ్రహ చిత్రాలతో చేస్తారు. 2019 ఎడిషన్‌లో కూడా పొదల బీళ్ళు ‘వేస్ట్’ లెక్కలోనే ఉన్నాయి. కల్పవల్లికి జరిగింది ఇదే. ఇరవై ఏళ్ళు కష్టపడి గడ్డి తెచ్చినా కాగితం మీద అది వేస్ట్‌ల్యాండే. 2010 దాటాక అక్కడ డజన్ల కొద్దీ గాలిమరలు లేచాయి. వాటికోసం కొండలు తొలిచి రోడ్లు వేశారు, మట్టి జారి వాగుల్లో పడింది. విషయం గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గాలి కరెంటు వద్దని నేను అనను, మన స్టీల్ ప్లాంటుకైనా పోర్టుకైనా కరెంటు కావాల్సిందే. కానీ ‘ఎవరూ వాడని నేల’ అని రాసినవాడు ఆ గొర్రెల కాపర్లని అడిగాడా?

మీ ఫోన్‌లో ఒక పని చేయండి. మీభూమి సైట్ తెరిచి మీ ఊరి అడంగల్ చూడండి. బంజరు, పోరంబోకు అని ఉన్న సర్వే నంబరు ఒకటి పట్టుకోండి. ఇంట్లో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి, అక్కడ ఎవరి పశువులు మేసేవి, ఏ గడ్డి ఉండేది, ఆ బీడుని ఊళ్ళో ఏమని పిలిచేవాళ్ళు అని. ఆ పేరు కింద కామెంట్‌లో పెట్టండి. వచ్చే వారం కొన్ని చదువుతా. ఉంటానండీ.