ఆటల సంతకు గుత్తేదారు ఎవరు?



ఎవరి జ్ఞాపకార్థం మనం ఈ రోజు శంషాబాద్‌లో కూడామో, ఆ మాస్టారు ఇంటర్‌లో మాకు కామర్స్ చెప్పారు. గుత్తాధిపత్యం పాఠం వచ్చిన రోజున ఆయన పుస్తకం తెరవలేదు, మమ్మల్ని సంతకు నడిపించారు. వంకాయల గంప దించుకుంటున్న ఒక ముసలమ్మ దగ్గరికి తైబజారు మనిషి వచ్చాడు. రశీదు చింపి చేతిలో పెట్టి డబ్బు తీసుకుపోయాడు. "వీళ్లు వేలంలో పాడి గుత్త పట్టారు. వంకాయ పండించింది లేదు, మోసింది లేదు. సంతలోకి దారి మాత్రం వీళ్లది" అన్నారు మాస్టారు. ఆ తర్వాత పంచాయతీ గోడ దగ్గర నిలబెట్టి, దాని మీద సున్నంతో రాసిన రేట్లు చదివించారు. గంపకు ఇంత, బండికి ఇంత. "గోడ మీది ఈ రాత ఉన్నంత కాలం ఆ ముసలమ్మ బతుకుతుంది" అన్నారు. నేను చెప్పబోయే వీడియో గేముల వ్యాపార చరిత్ర అంతా ఆ గుత్త గురించీ, ఆ గోడ గురించే.

మొదటి గుత్తేదారు జపాన్‌కు చెందిన నింటెండో. 1985లో అమెరికాలో తన యంత్రాన్ని దింపినప్పుడు దాని లోపల ఒక తాళపు చిప్ పెట్టింది. జోడు చిప్ లేని క్యాసెట్ పెడితే ఆట నడవదు. బయటి కంపెనీ ఏదైనా ఏడాదికి ఐదు ఆటలకు మించి తేకూడదు. క్యాసెట్లను నింటెండోయే తయారుచేసి ఇచ్చేది. అచ్చం సంత గుత్తే.

మన వైపు ఆ తాళం రాలేదు. తొంభైలలో ఇక్కడి పిల్లలు ఆడిన లిటిల్ మాస్టర్ లాంటి పెట్టెలు నింటెండో జపాన్‌లో అమ్మిన యంత్రానికి నకళ్లు. జపాన్ యంత్రంలో ఆ చిప్ లేదు కాబట్టి నకళ్లకూ లేదు. అరగంటకు రెండు రూపాయలిచ్చి, క్యాసెట్ అడుగుభాగాన్ని నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి పెట్టి కాంట్రా ఆడిన తరం మాది. ఆ రెండు రూపాయల్లో ఆట రాసినవాడికి పైసా ముట్టలేదు. గుత్తేదారు లేని సంత మాకు ఆనందాన్నిచ్చింది. కానీ తెలుగు పిల్లవాడు ఆట తయారుచేసి బతకగల దారిని మాత్రం ఇవ్వలేదు. ఈ సంగతి కూడా ఒప్పుకోవాలి.

ఆ దారి తెరుచుకున్నది 2008లో. ఆ సంవత్సరాన్ని ఈ ఊరివాళ్లు మరచిపోరు. మార్చి 23న మన విమానాశ్రయం మొదలైంది, వాణిజ్య విమానాలకు బేగంపేట పాత విమానాశ్రయం మూతపడింది. 150 కిలోమీటర్ల లోపు 25 ఏళ్లపాటు పోటీ విమానాశ్రయం రాకూడదన్నది 2004 నాటి ఒప్పందంలోని షరతు. అదే ఏడాది జులైలో యాపిల్ యాప్ స్టోర్, అక్టోబరులో గూగుల్ ఆండ్రాయిడ్ మార్కెట్ తెరుచుకున్నాయి. మూడూ ద్వారాలే. ఒకదాని మీదుగా విమానం ఎక్కాలి, మిగతా రెండింటి మీదుగా ఆట అమ్ముకోవాలి.

తేడా ఎక్కడుందంటే, విమానాశ్రయాల రుసుములపై ఎయిరా అనే ప్రాధికార సంస్థను ఏర్పరిచే చట్టాన్ని అదే 2008లో పార్లమెంటు చేసింది. యాజమాన్యం ప్రయాణికుల మీద వేసే రుసుమును ఆ ప్రాధికార సంస్థ నిర్ణయించాలి. ముందుగా ముసాయిదా బయటపెట్టి అభ్యంతరాలు వినాలి. ఆ నిర్ణయాల మీద తగాదాలు ఉంటాయి, కోర్టులకూ వెళ్తుంటారు. అయినా గోడ మీద రాత ఉంది. ఆటల దుకాణాలు వసూలు చేస్తూ వచ్చిన 30 శాతానికి అలాంటి గోడ లేదు. ఆ లెక్కను ద్వారం యజమానే రాసుకున్నాడు. ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల మీద 15 శాతమేనని 2021లో గూగుల్ తగ్గించింది, అదీ తన ఇష్టం మీదే. మన కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో, చెల్లింపులన్నీ తన పద్ధతిలోనే జరగాలని పట్టుబట్టినందుకు గూగుల్‌కు 936.44 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పీలు ట్రిబ్యునల్ దాన్ని 216.69 కోట్లకు తగ్గించింది. ఈలోగా డబ్బు వేరే దారిన తీసుకోవడానికి గూగుల్ ఒప్పుకుంది గానీ, అలా తీసుకున్నా తన వాటాలో తగ్గించింది నాలుగు శాతమే. 30 శాతం కట్టేవాడు వేరే దారిన వచ్చినా 26 శాతం తైబజారు కట్టాల్సి వచ్చింది!

ఇక సంతలోని అంగళ్ల సంగతి. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టారు. ఆ ఏడాదే మైన్‌క్రాఫ్ట్ తీసిన మొజాంగ్‌ను 250 కోట్ల డాలర్లకు కొన్నారు. 2021లో జెనిమ్యాక్స్‌ను 750 కోట్ల డాలర్లకు, 2023 అక్టోబరు 13న యాక్టివిజన్ బ్లిజర్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు. ఆటల చరిత్రలో అంతకు ముందు అంత పెద్ద కొనుగోలు లేదు. బ్రిటన్ నియంత్రణ సంస్థ మొదట అడ్డుపడి, క్లౌడ్ మీద ఆడించే హక్కులు యూబీసాఫ్ట్ అనే మరో ఆటల కంపెనీకి ఇచ్చాక ఒప్పుకుంది. మన ఊరి బిడ్డ అని మనం గర్వపడతాం, పడాలి కూడా. కానీ కొనుగోలు ముగిసిన మూడు నెలలకే ఆటల విభాగంలో 1,900 మందిని తీసేశారు. 2024 మేలో జెనిమ్యాక్స్‌తో వచ్చిన ఆర్కేన్ ఆస్టిన్, టాంగో గేమ్‌వర్క్స్ స్టూడియోలను మూసేస్తున్నట్టు ప్రకటించారు. 2025 అక్టోబరులో గేమ్ పాస్ అనే ఆటల చందాలో పెద్ద పథకం నెలకు 20 డాలర్ల నుంచి 30కి ఎక్కింది. గర్వపడే హక్కు ఉన్నవాళ్లకు ఈ లెక్క అడిగే హక్కు కూడా ఉంది.

హైదరాబాద్‌లో ఈ కొనుగోళ్ల సంగతి మరింత దగ్గరగా కనబడుతుంది. ఆటల కంపెనీ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు ఇక్కడ స్టూడియో ఉంది. గ్లూ మొబైల్‌కూ ఉండేది. 2021లో మొదటిది రెండోదాన్ని 210 కోట్ల డాలర్లకు కొనేసింది. ఆడేవాడికి ఇందులో పెద్ద మార్పు కనబడదు. బొమ్మ గీసే కుర్రాడికి కనబడుతుంది. నిన్నటిదాకా ఇక్కడ జీతం పెంచకపోతే అక్కడికి పోతానని చెప్పగలిగినవాడికి ఇప్పుడు రెండు గుమ్మాల వెనకా ఒకే యజమాని. ఆ యజమానిని 5,500 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు 2025 సెప్టెంబరులో సౌదీ ప్రభుత్వ నిధి, సిల్వర్ లేక్, అఫినిటీ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థలు ప్రకటించాయి. అందులో 2,000 కోట్లు అప్పు. ఆ అప్పు తీరాల్సింది ఆటలు చేసేవాళ్ల చెమటలోంచే.

నా శిష్యుడు ఒకడు రోజూ ఇక్కడి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు మీదుగా ఒక చిన్న స్టూడియోకు వెళ్లేవాడు. చేతులు మారాక అది మూతపడింది. మొన్న ఫోన్ తీసి తను గీసిన ఆట చూపించాడు. ఎద్దు మెడలోని గంటల పట్టీ వాడు వాళ్ల తాత ఇంట్లో చూసి గీసింది. ఆట ఇంకా అమ్ముడుపోతోంది. చేసినవాళ్ల పేర్ల పట్టికలో మాత్రం వాడి పేరు లేదు. చాలాసేపు ఆ పట్టికను పైకీ కిందికీ జరుపుతూ కూర్చున్నాడు.

పెద్ద అంగళ్లుంటేనే పెద్ద ఆటలు వస్తాయన్న వాదన నేను వినకపోలేదు. కొంత నిజం. అయితే ఇదే నగరంలో పుట్టిన హిట్‌వికెట్ అనే క్రికెట్ ఆట 2020లో కేంద్ర ప్రభుత్వ యాప్ పోటీలో ఆటల విభాగంలో మొదటి స్థానం గెలిచింది. ఎవరికీ అమ్ముడుపోని చిన్న జట్టు కూడా నిలబడగలదు. దాని ముందున్న ద్వారం దగ్గర రేటు న్యాయంగా ఉండాలి, అంతే.

ఈ హాల్లో ఆటలు తయారుచేసే పిల్లలు కొందరున్నారని విన్నాను. మీకు ఒక్క మాట. కాంపిటీషన్ కమిషన్‌కు సమాచారం ఇవ్వడానికి పెద్ద కంపెనీయే అయి ఉండనక్కర్లేదు, చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం ఎవరైనా ఇవ్వవచ్చు. విన్‌జో అనే దేశీయ సంస్థ ఇచ్చిన ఫిర్యాదు మీదే 2024 నవంబరులో గూగుల్‌పై విచారణకు ఆదేశం వచ్చింది. మీ ఒప్పంద పత్రాలు, తిరస్కరణ ఈమెయిళ్లు, కోత పడిన ప్రతి రశీదూ దాచుకోండి. రాయండి.